చిట్టత్తకి ఇచ్చినవి

ఫిబ్రవరి 8

పేరు ఇవాళా కుదరలేదు. నూనెల పాళ్ళు కుదిరాయి, కాస్టిక్ సోడా తూకం కుదిరింది, అచ్చులు కుదిరాయి, వీధివైపు గదిని దుకాణం చేయడం కూడా కుదిరింది. సబ్బులు వెనక గదిలో అరల మీద ఆరుతున్నాయి. నాలుగు అక్షరాల దగ్గర మాత్రం కూలబడ్డాం.

ఫ్రిజ్ తలుపు మీద చెల్లి అంటించిన పేర్లు: నురగ, తెలిమబ్బు, సుగంధి, ప్యూర్ గ్లో. ఆఖరిది దాని సొంత తెలివి. "ఆ పేరు పెడితే ఆ సబ్బుతో నేను కాళ్ళు కూడా కడుక్కోను" అన్నాను. మూతి ముడుచుకుంది. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. దానికీ తెలుసు, అయినా అలుగుతుంది.

పేర్లన్నీ పట్టుకుని లేబుల్ ప్రెస్ ఆయన దగ్గరికి వెళ్ళాను. చిన్న వ్యాపారాల వాళ్ళందరికీ ఆయనే అచ్చు వేస్తాడు. పేరు నచ్చకపోతే వేయడు, అదో చాదస్తం. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చదివి కాయితం వెనక్కి ఇచ్చేశాడు.

"ఇవన్నీ బోర్డు మీద చదువుకునే పేర్లమ్మా. నోరారా పిలిచేది ఒక్కటీ లేదు. కొనేవాళ్ళు మనిషిని చూసి కొంటారు, సబ్బుని చూసి కాదు. ఇంటికెళ్ళి ఈ గదిలోంచి ఆ గదిలోకి ఒక్కో పేరూ పెట్టి పిలుచుకోండి. ఆలోచించకుండా నోటికి ఏదొస్తుందో అది పట్రండి."

"సబ్బుని పిలవాలా?"

"కొవ్వొత్తులు చేసే ఆవిడ అలా పిలిచి పిలిచి చివరికి వాళ్ళ కుక్క పేరే ఖాయం చేసుకుంది. ఇప్పుడావిడకి రెండు దుకాణాలు. నవ్వండి, నవ్వితే నాకేం పోయింది?"

ఫిబ్రవరి 11

పిలుస్తున్నాం. "నురగా! ఓ నురగా!" అని నేను వెనక గదిలోంచి, "తెలిమబ్బూ, టీ తాగుతావా?" అని చెల్లి వంటింట్లోంచి. పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టి, పిల్లిని తెచ్చారా అని అడిగింది. సబ్బుకి పేరు పెడుతున్నామన్నాను. చాలాసేపు నా ముఖం చూసి వెళ్ళిపోయింది.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని చెల్లి ఒకటే నవ్వు.

ఫిబ్రవరి 13

పేరు మా పాప పెట్టింది!

బడి నుంచి వచ్చి, మా అరుపులు విని, తనూ మొదలెట్టింది. "చిట్టత్తా! చిట్టత్తా, ఎక్కడున్నావ్?"

"ఎవరే చిట్టత్త?" అన్నాను.

"నాకు అత్త లేదుగా. క్లాసులో అందరికీ ఉంది. ఉంటే చిట్టత్త."

అది నిజమే. దాని నాన్న ఒక్కడే సంతానం. వెళ్ళిపోయినవాడు పోతూ పోతూ ఒక ఆడబిడ్డనైనా మిగల్చలేదు నాకు. చెల్లి వెంటనే "చిట్టత్తా, స్టవ్ కట్టెయ్" అంది. నేను "చిట్టత్తా, ఆ తువ్వాలు అందుకో" అన్నాను. ఎంత హాయిగా వచ్చిందో నోటికి! సాయంత్రమంతా పిలుస్తూనే ఉన్నాం. పాప వెనక గదిలోకి ఒకసారి పిలిచి, చెవి పెట్టి విని, "వస్తోందట" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

చిట్టత్త సబ్బులు. ఖాయం.

ఫిబ్రవరి 17

ప్రెస్ ఆయన పేరు విని చొక్కా మీదే రాసుకునేంత సంబరపడ్డాడు. తర్వాత అసలు పని చెప్పాడు. ప్రతి పెట్టెలో అరచెయ్యంత కాయితం ఒకటి ఉండాలట, దాని మీద చిట్టత్త కథ. ఎక్కడ కూర్చుంటుంది, చేతులెలా ఉంటాయి, దేనికి నవ్వుతుంది.

"ఆవిడ లేదు కదండీ."

"లేదని మీకు తెలుసు. కొనేవాళ్ళకెందుకు?"

కూర్చుని రాశాను. తరతరాల పరిజ్ఞానం, ప్రకృతి ఒడి, ఇంకా ఏదో చెత్త. ఆయన చదివి చెవి గోక్కున్నాడు. "ఇది అబద్ధంలాగే ఉందమ్మా. అబద్ధం అతకాలంటే లోపల కాస్త నిజం పోయాలి. మీ దగ్గరున్నదేదో ఒకటి ఇవ్వండి ఆవిడకి."

నా దగ్గరేముంది ఇవ్వడానికి? ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. మొట్టమొదటి సబ్బు కలిపినప్పుడు సోడా నీళ్ళు చిందినది, చింతగింజంత. అదే రాశాను. "చిట్టత్త ఎడమ మణికట్టు మీద ఒక మచ్చ ఉంటుంది. తొలి సబ్బు ఆమెకిచ్చిన గురుతు." 

ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ" అన్నాడు.

మార్చి 30

అమ్ముడుపోతున్నాయి! దేవుడా, అమ్ముడుపోతున్నాయి. వీధి మూల దుకాణం ఆవిడ రెండోసారి అడిగి తెప్పించుకుంది. 

చెల్లికి ముద్దు పెట్టాను. "పిచ్చా నీకు?" అంది, బుగ్గ తుడుచుకుంటూ.

ఏప్రిల్ 6

దుకాణం ఆవిడ ఫోన్‌లో, "చిట్టత్తగారి చెయ్యి ఎలా ఉంది? ఇంకా మంట పుడుతోందా?" అని అడిగింది. "తగ్గిందండీ" అన్నాను. ఏమనాలి మరి?

ఏప్రిల్ 19

జడల సబ్బు పెట్టాం. అంటే తలకి రాసుకునే సబ్బు. కథ కావాలన్నాడు ప్రెస్ ఆయన. ఈసారి ఆలోచించలేదు, పాపకి పొద్దున్నే రెండు జడలు వేసేది రాసిచ్చాను. పాయలు తీసేటప్పుడు ముక్కు మీద దువ్వెనతో చిన్నగా కొడతాను, అది "అబ్బా" అంటుంది, అప్పుడు రిబ్బను కడతాను. అదంతా చిట్టత్త చేస్తుందని రాశాను. వరసకి పాప ఆవిడకి మేనకోడలే కదా, తప్పేముంది?

చెల్లి చదివి కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగా రాశావే అక్కా! చిట్టత్త కళ్ళకి కట్టింది" అంది. కట్టాల్సింది నేను కదా. సరేలే.

మే 2

అమ్మ ఫోన్ చేసింది. ఎప్పటిలాగే మోకాళ్ళు, మందులు, పక్కవాటా వాళ్ళ టీవీ చప్పుడు. చివర్లో, "చిట్టత్త చెయ్యి జాగ్రత్త. ఆ రోజు సోడా పడితే నేనెంత భయపడ్డానో" అంది.

"అమ్మా, అది నా చెయ్యి. నువ్వే చన్నీళ్ళ కింద పెట్టి పట్టుకున్నావు."

"నీకెప్పుడు కాలిందే? నీకు చిన్నప్పట్నించీ ప్రతీదీ నీదే అనడం అలవాటు."

వయసు మీద పడుతోంది పాపం.

మే 3

మణికట్టు మీద మచ్చ కనిపించలేదు. కొత్త సబ్బు వాడుతున్నాగా, చర్మం బాగుపడి ఉంటుంది. ఇంతకంటే మంచి ప్రకటన ఉంటుందా?

మే 3, మళ్ళీ

కిటికీ దగ్గర వెలుతురులో చూశాను. లేదు.

మే 21

పాప వేసవి క్లాసుకి తయారై వచ్చింది, రెండు జడలూ వేసుకుని, రిబ్బన్లతో సహా. చెల్లి వేసుంటుందనుకున్నాను. చెల్లి నేను వేశాననుకుంది. ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం.

"ఎవరేశారమ్మా?" అన్నాను.

"చిట్టత్త."

"పిన్ని ఆటలా ఇవి?"

"పిన్నికి చెయ్యి తిరగదు. చిట్టత్త ముక్కు మీద కొడుతుంది" అని నవ్వింది.

కుర్చీలో కూర్చోబెట్టి జడలు విప్పేశాను. నేను వేస్తానన్నాను. మూడు పాయలు తీశాను. తర్వాత ఏ పాయ దేని మీదికి వెళ్ళాలో తెలియలేదు. చేతులు జుట్టు పట్టుకుని ఊరికే నిలబడ్డాయి. రోజూ చేసే పని! పాప ఓపిగ్గా కాసేపు ఆగి, "నీకు రాదుగా అమ్మా, వదిలెయ్" అంది. ఏడుపొచ్చింది, దాని ముందు ఏడవలేదు.

చెల్లి మాత్రం, "రాత్రిళ్ళు నిద్రపోకుండా సబ్బులు కోస్తే చేతులు తిమ్మిరెక్కవూ?" అంది. అదే అయి ఉంటుంది.

జూన్ 4

ప్రెస్ ఆయన దగ్గరికి మూడో లేబులు నమూనా చూడ్డానికి వెళ్తే, అది చూసేశారన్నాడు.

"ఎవరు చూశారు?"

"పొద్దున చిట్టత్తగారే వచ్చారుగా. ఒక తప్పు దిద్దారు కూడా." కాయితం చూపించాడు. పెన్సిల్‌తో దిద్దిన అక్షరాలు. "మీ రాతలాగే ఉంటుందమ్మా ఆవిడ రాత. కాకపోతే ఇంకాస్త నింపాదిగా ఉంటుంది."

"ఆ పేరు మేం కల్పించిందండీ. నేనూ మీరూ ఇక్కడే, ఈ బల్ల దగ్గరే కల్పించాం."

ఆయన నవ్వాడు, వేళాకోళం అర్థమైనట్టు. కళ్ళజోడు కిందికి దించుకుని పనిలో పడ్డాడు. దిద్దిన తప్పు నిజంగా తప్పే. నేను చూసుకోలేదు.

జూన్ 5

మూడో సబ్బుకి ఇచ్చింది నా కూనిరాగం. కలిపేటప్పుడు నాకు తెలియకుండానే పాడుకునేది, మాటల్లేనిది. ఇప్పుడు సబ్బు చిక్కబడేదాకా మౌనంగా కలుపుతున్నాను. పాడదామని నోరు తెరిస్తే ఏమీ లేదు.

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా వెనక గదిలోంచి వినిపించింది. చక్కగా పాడుతోంది. నాకంటే బాగా. గిన్నె కింద పెట్టి అక్కడే నిలబడ్డాను. వెళ్ళి చూడలేదు, ఎందుకు చూడాలి? ఫోన్‌లో ఏదో మోగుతూ ఉండి ఉంటుంది.

చెల్లి దుకాణంలో ఉంది. పాప వేసవి క్లాసులో ఉంది. నా ఫోన్ నా చేతిలో ఉంది.

జూన్ 12

ఇక ఏమీ ఇవ్వను. ఒట్టు.

జూన్ 26

నిమ్మగడ్డి సబ్బుకి అచ్చంగా కల్పించి రాశాను. చిట్టత్తకి వాన ఇష్టమని, చెప్పుల్లేకుండా తిరుగుతుందని. నాకు వానంటే చిరాకు, కనుక నాది కాదు. హమ్మయ్య అనుకున్నాను.

పొద్దున్న అచ్చులు తెరిస్తే సబ్బు విరిగిపోయి ఉంది. అడుగున నీళ్ళు, పైన నూనె. చెల్లి, "తూకం తప్పావక్కా" అంది. 

నా తూకం ఏనాడూ తప్పలేదు. ఇంకోసారి చేశాను. ఇంకోసారీ విరిగింది. అంతా కాలవలో పోశాను.

జూలై 9

దుకాణం ఆవిడ పెద్ద కబురు తెచ్చింది. కాన్పుల ఆసుపత్రి వాళ్ళు పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక పసిపిల్లల సబ్బు కానుక ఇస్తారట, ఏడాది పొడుగునా. మన సబ్బే కావాలట. "చిట్టత్త పేరు చెప్పగానే పెద్ద డాక్టరమ్మ ఇంకో మాట లేకుండా ఒప్పుకున్నారు" అంది.

చెల్లి గాల్లో తేలిపోతోంది. "ఇదొస్తే ఆ రాత్రిపూట కాల్ సెంటర్ ఉద్యోగం మానేస్తానక్కా. ఇక జన్మలో ఎవరికీ సారీ చెప్పను" అని ఎగిరింది. దాని గొంతు ఏడాదిగా బొంగురుగానే ఉంటోంది, ఆ తిట్లు విని విని. నాకూ సంతోషం వేసింది. వేయకపోతే మనిషినేనా?

సాయంత్రం ప్రెస్ ఆయన ఫోన్ చేశాడు. "పసిపిల్లల సబ్బు కదమ్మా. పుట్టుక గురించి ఉండాలి కథ."

ఫోన్ పెట్టేశాను.

జూలై 10

పాప పుట్టినరోజు ఇంకా దూరం. అయినా ఆ కథ చెప్పమంది, మంచం మీద నా పొట్ట మీద తల పెట్టుకుని. ఎన్నిసార్లు చెప్పినా దానికి తనివి తీరదు, నాకూ తీరదు. 

తెల్లారుతుండగా నిన్ను తీసి నా గుండెల మీద వేశారు. జారిపోతావేమోనని రెండు చేతులా పట్టుకున్నాను. ఏడవలేదు నువ్వు. ఒక్క కన్ను తెరిచి, ఈవిడెవరో చూద్దాం అన్నట్టు నన్ను చూసి, సరే ఈవిడే అన్నట్టు మళ్ళీ మూసుకున్నావు.

"అప్పుడు నువ్వేమన్నావ్?"

"అమ్మని, అన్నాను."

ఇది ఇవ్వను. మచ్చ పోతే పోనీ, జడ పోతే పోనీ. ఇది పోతే నేను దానికేమవుతాను?

జూలై 14

ప్రెస్‌కి వెళ్ళి పేరు మార్చేయమన్నాను. ఇక నుంచి చిట్టత్త వద్దు, నా పేరే వేయండి అన్నాను.

"మీ పేరు..." అన్నాడు. 

చెప్పాను. రాసుకున్నాడు. రాసుకున్నదాన్ని దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బాగుందమ్మా. ఎవరిది?"

నాదేనన్నాను. "ఓహో" అని తలూపాడు. నేను గుమ్మం దిగుతుండగా వెనక నుంచి, "ఇంతకీ ఏం పేరన్నారు?" అని అరిచాడు. తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి చెల్లితో నన్ను పేరుపెట్టి పిలవవే అన్నాను. "అక్కా అని తప్ప నిన్నెప్పుడు పిలిచాను? నా నోరు తిరుగుతుందా?" అంది, లెక్కలు చూసుకుంటూ. పాపని అడిగాను, నేనెవరినే అని.

"అమ్మవి" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నాకు ఆ ఒక్క పిలుపు చాలు. మిగిలిన లోకం నన్ను ఏమని పిలిచినా, పిలవకపోయినా ఫరవాలేదు.

జూలై 22

ఆసుపత్రి వాళ్ళు గడువు పెట్టారు. చెల్లి నిన్న ఉద్యోగానికి రాజీనామా రాసేసింది. నాకు చెప్పకుండా! "నువ్వు రాస్తావని తెలుసు కాబట్టే రాశాను" అంది. నమ్మకమో, మొండితనమో. గట్టిగా తిట్టాను. తిట్టినంతసేపూ నా వైపు చూడకుండా వెనక గది వైపే చూస్తూ ఉంది.

"అటేం చూస్తున్నావే?"

"ఏం లేదు. చిట్టత్త అయితే ఇలా అరవదు కదా అని."

జూలై 24

ఉపాయం దొరికింది. నేనెంత వెర్రిదాన్ని, ఇన్నాళ్ళూ తట్టలేదు!

అసలు కథ నాది నాకే ఉంచుకుంటాను. చిట్టత్త ఆ గదిలో ఉందని మాత్రం రాస్తాను. అంతే, పక్కన నిలబడి చూసింది. ఎత్తుకోనివ్వను. రాశాను కూడా:

"బిడ్డని తల్లి గుండెల మీద వేశారు. చిట్టత్త పక్కనే నిలబడి చూసింది. పసిది ఒక్క కన్ను తెరిచి చూసి, సరే అన్నట్టు మూసుకుంది."

తల్లి అని మొదటే రాశాను. కన్ను తెరిచి చూసింది తల్లినే అని ఎవరికైనా తెలుస్తుంది. ఒకటికి పదిసార్లు చదువుకున్నాను. ఎక్కడా ఏమీ ఇవ్వలేదు.

సబ్బు నున్నగా, తెల్లగా, వెన్నముద్దలా కుదిరింది.

ఆగస్టు 5

మొదటి విడత పెట్టెలన్నీ ఆసుపత్రికి వెళ్ళాయి. నాకు జ్వరంగా ఉంటే చెల్లే దగ్గరుండి పంపింది. ఇద్దరం స్వీట్లు తిన్నాం. చాలా రోజులకి ఇల్లు ఇల్లులా ఉంది. వెనక గదిలో ఏ చప్పుడూ లేదు.

ఆగస్టు 9

పాప ఇవాళ నన్ను ఒక్కసారీ పిలవలేదు. బడిలో ఆటల పోటీలు, అలసిపోయింది.

ఆగస్టు 10

ఇవాళా లేదు. నీళ్ళు కావాలంటే వచ్చి నా ముందు నిలబడింది. నేను కావాలని ఆగాను, అమ్మా అంటుందేమోనని. కాసేపు నిలబడి, తనే తెచ్చుకుని తాగింది.

ఆగస్టు 11

పెట్టె ఒకటి దుకాణంలో మిగిలితే విప్పి కాయితం చదివాను. నేను ఇచ్చినప్పుడు మూడు వాక్యాలు. కాయితం మీద రెండే ఉన్నాయి.

"చిట్టత్త పక్కనే నిలబడి చూసింది. పసిది ఒక్క కన్ను తెరిచి చూసి, సరే అన్నట్టు మూసుకుంది."

చెప్పులు కూడా వేసుకోకుండా ప్రెస్‌కి పరిగెత్తాను. ప్రెస్ ఆయన శాంతంగా, "చిన్న పెట్టె కదమ్మా, కాయితం పట్టలేదు. ఒక వాక్యం తీసెయ్యాల్సొచ్చింది. ఏది తీసెయ్యమంటారని మీ ఇంటికే ఫోన్ చేశాను. మొదటిది తీసెయ్యమన్నారు" అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు? మీ ఇంట్లో ఫోనెత్తేది ఎవరు?"

చనువిస్తే చంకనెక్కడమంటే ఇదే. గుమ్మంలోకి రానిచ్చింది నేనే. వెనక్కి తీసుకోండి, ఆ కాయితాలన్నీ తెప్పించండి అని బల్ల గుద్దాను. ఆయన భయపడ్డాడు. "అన్నీ పంచేశారటమ్మా. ఇన్నేసి ఇళ్ళల్లో చదువుకుని ఉంటారు. ఇంతకీ మీరు చిట్టత్తగారికి ఏమవుతారు?" అన్నాడు.

ఏమవుతాను? ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆవిడ సగంతో ఆగలేదు.

ఇంటికెళ్ళి పాపని నా ముందు కూర్చోబెట్టుకున్నాను. నువ్వు పుట్టినప్పటి కథ నేను చెప్తాను విను అన్నాను. తెల్లారుతుండగా, అని మొదలుపెట్టాను. తర్వాత ఏమీ లేదు. గది ఎలా ఉంది? బరువు ఎక్కడ పడింది? నా చేతులు ఎక్కడున్నాయి? ఈ పుస్తకంలో జూలై 10 తీసి చదివాను. ఎవరి కథో చదువుతున్నట్టుంది. పాప మర్యాదగా విని, "మీకు కూడా తెలుసా ఇది?" అంది.

మీకు అంది.

ఆగస్టు 12

అడిగాను, బతిమాలాను, అరిచాను కూడా. చెల్లి పాపని వెనక్కి లాక్కుని, "చూడండి, పిల్ల భయపడుతోంది" అంది. నన్నే. నేను చంకనెత్తుకుని తిప్పిన నా చెల్లెలు. వాళ్ళిద్దరి వెనకా గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఈ పుస్తకం, చేతిసంచీ తీసుకుని బయటికి వచ్చాను. గాలి పీల్చుకుని వెళ్దామని. తిరిగొచ్చేసరికి తలుపు వేసి ఉంది. నా తాళంచెవి పట్టలేదు.

ఆగస్టు 13

అమ్మ ఇంటికి వెళ్ళాను. గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి, "అమ్మాయి ఇక్కడ ఉండదండీ, సబ్బుల దుకాణం పెట్టుకుంది. అడ్రసు కావాలా?" అంది. కావాలన్నాను. కాయితం మీద రాసిచ్చింది.

ఆగస్టు 16

బస్టాపు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. వీధివైపు గది ఇక్కడికి కనిపిస్తుంది. 

ఇవాళ పొద్దున్నే ధైర్యం చేసి లోపలికి వెళ్ళాను, కొనడానికి వచ్చినదానిలా. బడి లేదు కాబోలు, బల్ల దగ్గర పాపే ఉంది. రెండు జడలు, రిబ్బన్లు. ఎంత నున్నగా వేసిందో, ఒక్క వెంట్రుక చెదరలేదు. ముఖం కళగా ఉంది. కొంచెం తేలిగ్గా అనిపించింది నాకు, తింటోందని.

"కూర్చోండి. ఏ సబ్బు కావాలండీ?" అంది.

పసిపిల్లలది అన్నాను. హుషారుగా అరలోంచి పెట్టె తీసి, నేనడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది. "ఇది నా కథే తెలుసా? నేను పుట్టగానే ఒక్క కన్ను తెరిచి చూశాను. మా చిట్టత్తనే."

"మరి అమ్మ?" అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

పాప ఆగింది. నుదురు ముడిచింది. ఏదో మర్చిపోయిన పద్యం గుర్తు తెచ్చుకుంటున్నట్టు నా ముఖంలోకి చూసింది, ఒక్క క్షణం, రెండు క్షణాలు. బల్ల మీదికి వంగాను. చెప్పు తల్లీ, చెప్పు.

వెనక గదిలోంచి కూనిరాగం మొదలైంది. పాప ముఖం తేటపడింది. "ఒక్కటి చాలాండీ?" అంది.

చాలన్నాను. చిన్న చేతులతో కాయితం సంచీలో వేసి ఇచ్చింది. వేళ్ళు తగిలాయి. తీసుకుని మెట్లు దిగుతుంటే గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపింది.

"మళ్ళీ రండి ఆంటీ!"

వస్తాను. బస్టాపు వెనక కుళాయి ఉంది. పొద్దుట్నించీ ఈ సబ్బుతో చేతులు కడుగుతూనే ఉన్నాను. నేను చేసిన సబ్బు కదా, గట్టిది, త్వరగా అరగదు. అరిగితేనే కదా ఇంకొకటి కొనడానికి వెళ్ళేది.